ట్రైసోమీ పిల్లల్ని లెక్కలోకి తీసుకోండి: వైద్యులకు, ఆరోగ్య శాఖలకు ఒక తండ్రి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు,
రెండు రాష్ట్రాల్లోని ప్రసూతి వైద్యులకు, స్కానింగ్ వైద్యులకు, పిల్లల వైద్యులకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయుడిని. మా రెండో పాప ట్రైసోమీ 18తో పుట్టింది. కణంలో రెండు ఉండాల్సిన 18వ క్రోమోజోము మూడు ఉండటాన్ని అలా అంటారు. 143 రోజులు మాతో ఉంది. పాప పోయాక, పురుడు పోసిన ఆసుపత్రికి రెండు ఉత్తరాలు, జిల్లా వైద్య ఆరోగ్య కార్యాలయానికి ఒకటి రాశాను. మొదటిదానికి అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. మిగిలిన రెండింటికీ ఆ ముద్ర కూడా దక్కలేదు. ఏడాదిన్నర ఎదురుచూసి ఇప్పుడు మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఇందులో ఆసుపత్రి పేరుగానీ వైద్యుల పేర్లుగానీ ఉండవు. ఒక ఆసుపత్రి మీద కోపంగా దీన్ని చదివితే మిగతా ఆసుపత్రులన్నీ ఇది తమది కాదనుకుంటాయి. పైగా అక్కడే ఒక నర్సమ్మ తన డ్యూటీ ముగిశాక అరగంట కూర్చుని, ముక్కు గొట్టంతో పాలు పట్టడం నా భార్యకు ఓపికగా నేర్పింది. గొట్టం సరిగ్గా పొట్టలోకే వెళ్లిందో లేదో చూసుకోవడం, పాలు నెమ్మదిగా దిగేలా సిరంజిని ఎంత ఎత్తులో పట్టుకోవాలో చూపించడం, అన్నీ ఆమే. పాప మా దగ్గర అన్ని రోజులు ఉండటానికి ఆ అరగంటే కారణమని మా ఇద్దరి నమ్మకం.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. అయిదో నెలలో, బిడ్డ అవయవాల్లో లోపాలేమైనా ఉన్నాయా అని చూసే టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు. ఎనిమిదో నెలలో బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉంది, ఉమ్మనీరు ఎక్కువగా ఉంది అన్నారు. ఎందుకని అడిగితే, తల్లి సరిగా తినడం లేదేమో అన్నారు. పాప 1.7 కిలోల బరువుతో పుట్టింది. రెండు పిడికిళ్లూ బిగించి ఉండేవి. చూపుడు వేలు మధ్యవేలి మీదికి, చిటికెన వేలు ఉంగరపు వేలి మీదికి ఎక్కి ఉండేవి. ట్రైసోమీ 18 గురించి తెలిసిన వైద్యులకు ఆ చేతిని చూడగానే అనుమానం వస్తుందని తరువాత చదివి తెలుసుకున్నాను. మూడో రోజున వాళ్లకూ వచ్చింది. రక్తం తీసి క్రోమోజోముల పరీక్షకు పంపారు. గుండెలో రంధ్రం ఉందని ఎకో పరీక్షలో తేలింది. పదిహేడో రోజున రిపోర్టు వచ్చింది.

ఆ రోజు పెద్ద డాక్టరు గారు మమ్మల్ని గదిలోకి పిలిచారు. కూర్చోమనలేదు. "ఇది బతికే కేసు కాదమ్మా. ఇంటికి తీసుకెళ్లండి. పెద్దపాప ఉంది కదా, ఆమెను బాగా చూసుకోండి" అన్నారు. ఎన్ని రోజులు ఉండవచ్చు సార్ అని అడిగాను. "ఎప్పుడైనా పోవచ్చు" అన్నారు. ఊపిరి ఆగితే ఏం చేయాలని నా భార్య అడిగింది. దానికి జవాబు రాలేదు. బయట ఇంకొకరు వేచి ఉన్నారు. మూడు నిమిషాల్లో అయిపోయింది.

ఇంటికి వచ్చిన మర్నాడు డిశ్చార్జి కాగితం తీరిగ్గా చదివాను. తల్లిదండ్రుల కోరిక మీద, వైద్య సలహాకు వ్యతిరేకంగా బిడ్డను తీసుకువెళుతున్నారని అందులో ఉంది. కింద నా సంతకం ఉంది. బిల్లు కట్టిన కౌంటర్ దగ్గర వరసగా నాలుగు చోట్ల పెట్టించుకున్న సంతకాల్లో అది ఒకటి. మేము ఏ కోరికా కోరలేదు. మా కోరిక ఏమిటని ఎవరూ అడగలేదు.

పాప పోయాక లెక్కలు చదవడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన పని అదొక్కటే. "బతికే కేసు కాదు" అన్న మాట వెనక ఎంత లెక్క ఉందో చూడాలనుకున్నాను.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1991 నుంచి 2012 వరకు ట్రైసోమీ 18తో, ట్రైసోమీ 13తో (13వ క్రోమోజోము మూడు ఉండటం) పుట్టిన పిల్లలందరినీ ప్రభుత్వ రికార్డుల ద్వారా వెతికి పట్టుకుని, ఆ ఫలితాలను 2016లో ప్రచురించారు. ట్రైసోమీ 18 పిల్లలు 254 మంది, ట్రైసోమీ 13 పిల్లలు 174 మంది. జీవితకాలపు మధ్యగతం ట్రైసోమీ 18కి 9 రోజులు, ట్రైసోమీ 13కి 12.5 రోజులు. ఈ ఒక్క అంకె దగ్గరే చాలామంది ఆగిపోతారు. పదో తరగతిలో మధ్యగతం చెప్పేటప్పుడు నేను పిల్లలకు మొట్టమొదట చెప్పేది, అది వరస మధ్యలో నిలబడిన అంకె అని. దానికి అటువైపు సగం మంది ఉంటారని. తొమ్మిదో రోజుకు సగం మంది పోయారు. మిగిలిన సగం మంది ఉన్నారు. వాళ్ల సంగతి ఏమిటి?

ట్రైసోమీ 18తో పుట్టిన వారిలో 12.6 శాతం మంది మొదటి పుట్టినరోజు చూశారు. 9.8 శాతం మంది పదేళ్లు దాటారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాది దాటిన ప్రతి నలుగురిలో ముగ్గురు పదేళ్ల దాకా ఉన్నారు. ట్రైసోమీ 13లో ఏడాదికి 19.8 శాతం, పదేళ్లకు 12.9 శాతం. అంటే మరణాలు మొదటి వారాల్లోనే గుట్టగా పడుతున్నాయి, ఆ తరువాత వాలు తగ్గుతోంది. పుట్టిన రోజున చెప్పే మాట, నెల నిండిన రోజున చెప్పే మాట, ఏడాది నిండిన రోజున చెప్పే మాట ఒకటే కాకూడదు. మా పాపకు పదిహేడో రోజున చెప్పిన మాట, బహుశా మొదటి రోజున చెప్పాల్సినది.

అమెరికాలో తొమ్మిది రాష్ట్రాల్లో 1999 నుంచి 2007 వరకు పుట్టిన పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, అయిదేళ్లు దాటిన వారు ట్రైసోమీ 18లో 12.3 శాతం, ట్రైసోమీ 13లో 9.7 శాతం. జపాన్‌లోని నగానో పిల్లల ఆసుపత్రిలో ట్రైసోమీ 18 పిల్లలకు మిగతా నవజాత శిశువులకు చేసినట్టే శ్వాసకు, ఆహారానికి, అవసరమైన ఆపరేషన్లకు పూర్తి వైద్యం చేశారు. అక్కడి 24 మందిలో మధ్యగతం 152.5 రోజులు, నాలుగో వంతు మంది ఏడాది దాటారు. అంతకుముందు అమెరికాలోని అట్లాంటా ప్రాంతంలో లెక్కించిన మధ్యగతం 14.5 రోజులే. నగానో సంఖ్య చిన్నది, ఆసుపత్రి దాకా చేరగలిగిన పిల్లలది. కాబట్టి పదింతలు పెరిగిందని నేను అనను. అయినా అదే క్రోమోజోము, అదే గుండె రంధ్రం, అదే ఊపిరి ఆగిపోయే స్వభావం ఉన్న పిల్లలు వైద్యం ఎలా చేశారన్నదాన్ని బట్టి ఎక్కువ కాలం ఉండగలరని మాత్రం అది చూపుతుంది.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. బతకదని వైద్యం ఆపుతాం. వైద్యం ఆపాక బిడ్డ పోతుంది. ఆ మరణం లెక్కలో చేరుతుంది. ఆ లెక్క చూపి తరువాతి బిడ్డకు వైద్యం ఆపుతాం. జ్యామితిలో ఒక సిద్ధాంతాన్ని నిరూపించమంటే, నిరూపించాల్సిన దాన్నే ఇచ్చిన దత్తాంశంలో రాసేసే విద్యార్థికి నేను మార్కులు వేయను.

21వ క్రోమోజోము మూడు ఉండటం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్ విషయంలో ఈ దారి మనం ఒకసారి నడిచాం. 1982లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో డౌన్ సిండ్రోమ్‌తో, మూసుకుపోయిన అన్నవాహికతో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ వద్దనుకున్నారు. ఆరో రోజున ఆ బిడ్డ ఆకలితో పోయింది. అప్పట్లో అది వింత నిర్ణయం కాదు. 1983లో అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి మరణ వయసు మధ్యగతం 25 ఏళ్లు. 1997కి అది 49 అయింది. పద్నాలుగేళ్లలో 21వ క్రోమోజోము ఏమీ మారలేదు. గుండె ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టారు, పిల్లల్ని శరణాలయాల్లో కాకుండా ఇళ్లలో పెంచడం మొదలుపెట్టారు. ట్రైసోమీ 18, 13 అంతకన్నా చాలా తీవ్రమైనవని నాకు తెలుసు. ఏళ్ల తరబడి బతికిన పిల్లలు కూడా ప్రతి పనికీ ఇతరుల మీద ఆధారపడతారు, వాక్యాలు మాట్లాడరు, ఆసరా లేకుండా నడిచేవారు చాలా అరుదు. అదే సమయంలో వాళ్లు అమ్మను గుర్తుపడతారు, నవ్వుతారు, కొందరు కూర్చుంటారు. మా పాప మూడో నెల చివర్లో వాళ్లమ్మ గొంతు వినిపించిన వైపు తల తిప్పేది. ఆ సంగతి ఏ కేస్ షీట్‌లోనూ లేదు.

2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఇలాంటి 272 మంది పిల్లల తల్లిదండ్రులు 332 మందిని అడిగారు. బిడ్డ పరిస్థితి బతుకుకు సరిపడేది కాదని తమతో చెప్పారన్నవారు 87 శాతం. ఒక జడపదార్థంలా పడి ఉంటుందని చెప్పారన్నవారు సగం మంది. తమ బిడ్డ ఆనందంగా ఉండే బిడ్డ అన్నవారు 97 శాతం. వీరంతా తల్లిదండ్రుల సహాయ బృందాల్లో ఉన్నవారు కాబట్టి అందరు తల్లిదండ్రుల మాటగా దీన్ని తీసుకోలేం. కానీ వైద్యుల గదిలో వినిపించే మాటకూ ఇంట్లో కనిపించే బిడ్డకూ మధ్య ఇంత దూరం ఉందంటే, ఆ దూరాన్ని కొలవాల్సిన బాధ్యత మీదే.

ప్రతి బిడ్డనూ వెంటిలేటర్ మీద పెట్టండి అని నేను అడగడం లేదు. ఇల్లు తాకట్టు పెట్టించి, చివరి రోజు దాకా ఏ ఆశా లేదన్న మాట చెప్పకుండా బిల్లులు కట్టించిన చోట్లు కూడా ఉన్నాయని నాకు పరిచయమైన తల్లిదండ్రులు చెప్పారు. అదీ మోసమే. నొప్పి లేకుండా, అమ్మ ఒళ్లో, ఇంట్లో పోవడం మంచిదని తెలిసి తెలిసి నిర్ణయించుకునే తల్లిదండ్రుల ముందు నేను తల వంచుతాను. మేమూ ఆ నిర్ణయమే తీసుకుని ఉండేవాళ్లమేమో. ఆ నిర్ణయం మా చేత తీసుకోనివ్వలేదు. మాకు తెలియకుండా తీసుకుని, మా పేరు మీద రాశారు.

మా జీవితంలోంచి, నేను కలిసిన ఇతర కుటుంబాల అనుభవంలోంచి తేలిన విషయాలను, వాటి మీద మా కోరికలను ఇక వరసగా రాస్తున్నాను.

1. ఒక్క మాటతో తేల్చకండి. రిపోర్టు వచ్చిన రోజున తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టండి. మొదటి వారం, మొదటి నెల, మొదటి ఏడాది దాటే అవకాశం ఎంతో అంకెల్లో చెప్పండి. ఆ అంకెలు ఏ దేశానివో, ఎలాంటి వైద్యం జరిగిన పిల్లలవో చెప్పండి. గుండె, శ్వాస, అన్నవాహిక పరిస్థితి బట్టి మీ బిడ్డ ఆ వరసలో ఎక్కడ ఉండవచ్చో చెప్పండి. కణాలన్నింటిలోనూ కాకుండా కొన్నింటిలోనే అదనపు క్రోమోజోము ఉన్న పిల్లలు, అంటే మొజాయిక్ రకం వారు, చాలా భిన్నంగా ఉండవచ్చని చెప్పండి. ఆడపిల్లలు మగపిల్లల కన్నా ఎక్కువ కాలం ఉంటారని కూడా లెక్కలు చెబుతున్నాయి. ఇవన్నీ చెప్పడానికి ఇరవై నిమిషాలు చాలు. మనవాళ్లకు అంకెలు అర్థం కావని దయచేసి అనకండి. వడ్డీ లెక్క, కూలి లెక్క, గజం భూమి లెక్క తెలిసిన ప్రజలు మనవాళ్లు. "నూరు మందిలో పన్నెండు మంది" అంటే అర్థం కానివారెవరు? చెప్పిన విషయాలను తెలుగులో ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి, ఎందుకంటే ఆ గదిలో చెవిన పడ్డ మాటలు సగం గుమ్మం దాటవు.

2. మా చేత చెప్పించని మాట మా పేరున రాయకండి. వైద్యం కొనసాగించాలా, ఏ మేరకు, ఎక్కడ ఆపాలి అన్న చర్చ జరిగితే అది ఎవరితో, ఏ తేదీన జరిగిందో కేస్ షీట్‌లో తెలుగులో రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. బిల్లు కౌంటర్ దగ్గర కాదు. "సలహాకు వ్యతిరేకంగా" అన్న మాట ఒక కుటుంబానికి ఏం చేస్తుందో మీకు తెలుసా? మూడో నెలలో పాపకు ఆయాసం వచ్చి దగ్గరలోని ఇంకో ఆసుపత్రికి తీసుకెళితే, ఆ కాగితం చూసి, "మీరే వద్దని తీసుకొచ్చారు కదా" అన్నారు. నా భార్య ఆ రోజు నుంచి నన్ను అడుగుతూనే ఉంది, "మనం వద్దన్నామా?" అని. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోనే ఉంది. పూర్తి కేస్ షీట్ నాకు ఇప్పటికీ అందలేదు.

3. తల్లి మీద పడే నిందను ఆసుపత్రిలోనే తుడిచి పంపండి. మన ఊళ్లలో ఇలాంటి బిడ్డ పుడితే మొదట వేలు తల్లివైపే చూపిస్తారు. గ్రహణం రోజున బయట తిరిగిందంటారు, ముఖ్యంగా ట్రైసోమీ 13లో తరచుగా వచ్చే పెదవి చీలిక, అంగిలి చీలిక కనిపిస్తే. కడుపుతో ఉన్నప్పుడు బరువు ఎత్తిందంటారు. మేనరికం కాబట్టి ఇలా జరిగిందంటారు. మాది మేనరికం కాదు. అయినా పాత బంధుత్వాలు తవ్వి ఏదో ఒకటి వెతికారు. మేనరికం వల్ల వచ్చే జన్యు జబ్బులు వేరే ఉన్నాయి. వాటి గురించి హెచ్చరించడం అవసరమే. ట్రైసోమీకి మాత్రం అది కారణం కాదు. ఎక్కువ సందర్భాల్లో అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోముల జంట సరిగా విడిపోకపోవడం వల్ల వస్తుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. ఆమె తిన్నదీ తిరిగినదీ కారణం కాదు. ఈ నాలుగు వాక్యాలు డాక్టరు గారి నోటి నుంచి మా అమ్మ, మా అత్తగారు వినే చోట వచ్చి ఉంటే, నా భార్య పురిటి మంచం మీద ఏడ్చిన ఏడుపులో సగం తగ్గేది. ఇంట్లో నేను చెబితే భార్యను వెనకేసుకొస్తున్నాడన్నారు.

ఇందులోనే ఇంకొకటి. తరువాతి కాన్పు గురించి భయం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. మామూలు ట్రైసోమీ అయితే మళ్లీ అలా జరిగే అవకాశం సుమారు 1 శాతం. తల్లి వయసు వల్ల వచ్చే అవకాశం అంతకన్నా ఎక్కువైతే, ఆ ఎక్కువ అంకెనే తీసుకోవాలి. కొద్దిమందిలో, ముఖ్యంగా ట్రైసోమీ 13లో, ఒక క్రోమోజోము ఇంకొకదానికి అతుక్కోవడం వల్ల వస్తుంది; అప్పుడు తల్లిదండ్రులకూ పరీక్ష చేయాలి. అందుకే బిడ్డ ఎలాగూ బతకదు, క్రోమోజోముల పరీక్షకు డబ్బు ఎందుకు దండగ అనకండి. హైదరాబాద్‌లోనే సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన, పరీక్షల కేంద్రం ఉంది, నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. జిల్లా ఆసుపత్రుల నుంచి రక్త నమూనా అక్కడికి ఉచితంగా చేరే ఏర్పాటు, ఫలితం ఫోనులో తెలుగులో వివరించే సలహాదారు, ఈ రెండూ అడుగుతున్నాం.

4. స్కాన్‌లో అనుమానం వచ్చిన రోజే చెప్పండి. ఎదుగుదల తక్కువ, ఉమ్మనీరు ఎక్కువ, బిగుసుకున్న చేతులు కనిపిస్తే తల్లి తిండిని తప్పుపట్టి పంపకండి. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తరువాత, పిండంలో తీవ్ర లోపాలున్నాయని వైద్య మండలి నిర్ధారిస్తే గర్భస్రావానికి వారాల పరిమితి లేదు. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం. కానీ తెలియని తల్లికి ఇష్టం ఎక్కడిది? ఉంచుకోవాలనుకున్న తల్లికి కూడా పురుడు ఎక్కడ, పుట్టగానే ఏం చేయాలి అని ముందే మాట్లాడుకునే వ్యవధి దొరుకుతుంది.

5. ఇంటికి పంపాక వదిలేయకండి. ఇది అన్నింటికన్నా పెద్ద బాధ. డిశ్చార్జి అయిన రోజు నుంచి మా పాపకు ఎవరూ వైద్యులు లేరు. ఊపిరి ఆగి రంగు మారినప్పుడు వీపు నిమిరి, అరికాలు తట్టి మళ్లీ తెప్పించడం నా భార్య తనంతట తానే నేర్చుకుంది. ఒక రాత్రి నాలుగుసార్లు. ముక్కు గొట్టం ఊడిపోతే మళ్లీ పెట్టేవారి కోసం నలభై కిలోమీటర్లు మోటారు సైకిల్ మీద తీసుకెళ్లాం, ఎండలో, తడి గుడ్డ కప్పి. మా ఆశా కార్యకర్త మంచి మనిషి, వారానికోసారి వచ్చి పాపను ఎత్తుకునేది. ఇలాంటి బిడ్డకు ఏం చేయాలో తనకు ఎవరూ నేర్పలేదని ఆమే బాధపడింది. వికలాంగుల పెన్షన్ కోసం, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి వెళితే, ఏడాది నిండాక తీసుకురమ్మన్నారు. నూటికి ఎనభై ఏడు మంది ఏడాది చూడని జబ్బు ఇది.

నేను గౌరవ వేతనం కాదు, నెల జీతం తెచ్చుకునేవాడిని. సెలవు పెట్టగలిగాను. కరీంనగర్ వైపు ఒక తండ్రి రోజు కూలీ. పాప ఉన్న రెండు నెలల్లో ఆయన పని దినాలు సగానికి పడిపోయాయి. అనంతపురం జిల్లాలో ఒక తల్లి, తన కొడుకు పోయిన రోజు కూడా పాలు వచ్చి రొమ్ములు గడ్డకట్టి జ్వరంతో పడిపోయింది. పాలు ఆపడం ఎలాగో ఆమెకు చెప్పినవారు లేరు. పుట్టిన బిడ్డ వెంటనే పోతే 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇవ్వాలని 2022లో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగినులకు ఉత్తర్వు ఇచ్చింది. పొలంలో పనిచేసే తల్లికి ఏముంది?

పాలియేటివ్ కేర్ కోసం, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పినీ బాధనూ తగ్గించే వైద్యం కోసం, జాతీయ కార్యక్రమం 2012 నుంచి ఉంది. అది ఎక్కువగా పెద్దవాళ్ల క్యాన్సర్ చుట్టూ తిరుగుతోంది. ప్రతి జిల్లాలో పిల్లల కోసం శిక్షణ పొందిన ఒక నర్సును నియమించండి. గొట్టం, సిరంజి, ఇంట్లో ఆక్సిజన్, ఆక్సిజన్ శాతం చూసే పరికరం ఇంటికి అప్పుగా ఇవ్వండి. రాత్రి ఫోను చేస్తే పలికే ఒక నంబరు ఇవ్వండి. నొప్పి తగ్గించే మందు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో ముందే రాసి ఇవ్వండి. సదరంలో ఇలాంటి పిల్లలకు నిర్ధారణ రిపోర్టు ఆధారంగా పుట్టిన నెలలోనే తాత్కాలిక ధ్రువపత్రం ఇవ్వండి.

6. గుండె ఆపరేషన్ తలుపు పేరు చూసి మూయకండి. ట్రైసోమీ 18 పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. ఒంటారియో లెక్కల్లో ఏదో ఒక ఆపరేషన్ జరిగిన ట్రైసోమీ 18 పిల్లలు 35 మంది. ఆ తరువాత ఏడాది బతికినవారు 68.6 శాతం. అయితే ఆ పిల్లలకు మొదటి ఆపరేషన్ జరిగిన వయసు మధ్యగతం దాదాపు ఏడు నెలలు. అంతకాలం నిలిచిన గట్టి పిల్లలే ఆపరేషన్ దాకా వచ్చారు కాబట్టి, ఆపరేషన్ వల్లే బతికారని ఆ అంకె నిరూపించదు. చేయడం వృథా అన్న మాటను మాత్రం అది నిలబడనివ్వదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా 2025లో ఇచ్చిన మార్గదర్శకంలో ఒక్కో బిడ్డను బట్టి, కుటుంబంతో కలిసి నిర్ణయించాలనే చెప్పింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పిల్లల గుండె ఆపరేషన్లకు అండగా ఉన్నాయి. క్రోమోజోముల రిపోర్టు ఒక్కటే కారణంగా అనుమతి నిరాకరించరాదని రెండు ప్రభుత్వాలూ రాతపూర్వకంగా ఆదేశించాలి. నిరాకరిస్తే వైద్య కారణం రాసి ఇవ్వాలి.

7. లెక్కపెట్టండి. పైన నేను రాసిన జీవితకాలపు అంకెలన్నీ కెనడావి, జపాన్‌వి, అమెరికావి. మన పిల్లల లెక్క ఒక్కటీ నాకు దొరకలేదు. సజీవంగా పుట్టే సుమారు 6,000 నుంచి 8,000 మందిలో ఒకరికి ట్రైసోమీ 18, 10,000 నుంచి 16,000 మందిలో ఒకరికి ట్రైసోమీ 13 ఉంటుందంటారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడాదికి పది లక్షలకు పైగా కాన్పులు. అదే నిష్పత్తి ఇక్కడా ఉంటే ఏటా సుమారు రెండు వందల మందో, అంతకన్నా ఎక్కువో. ఈ పిల్లలు ఎక్కడ పుట్టారు, ఎన్నాళ్లున్నారు, ఎవరికి ఏ వైద్యం జరిగింది? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది. ఈ రెండింటి పేర్లూ లేవు. మరణాల నమోదు చూస్తే, 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మా పాప ఇంట్లో పోయింది. పంచాయతీ కార్యాలయంలో మరణ కారణం అడిగారు. ట్రైసోమీ 18 అన్నాను. అది ఎలా రాయాలో తెలియక, గుండె ఆగిపోవడం అని రాసుకున్నారు. గుండె ఆగకుండా ఎవరు పోతారు?

కాబట్టి ప్రతి కాన్పు ఆసుపత్రీ, ప్రతి జన్యు పరీక్ష కేంద్రమూ నిర్ధారణ అయిన ట్రైసోమీ పిల్లల వివరాలను, పేరు బయటపడకుండా, ఒక రాష్ట్ర నమోదు పుస్తకానికి పంపాలి. ఏటా ఒకసారి ఆ లెక్కను తెలుగులో ప్రచురించాలి: ఎంతమంది పుట్టారు, వారానికి, నెలకు, ఏడాదికి ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి వైద్యం అందింది, ఎంతమందికి నిరాకరించారు. మొదటి ఏడాది అంకెలు చిన్నవిగా, లోపాలతో ఉంటాయి. ఉండనివ్వండి. రాయడం మొదలుపెడితేనే సరిదిద్దగలం.

అయ్యా, అమ్మా, ఈ ఏడింటిలో సదరం, ఆరోగ్యశ్రీ ఆదేశాలు, కేస్ షీట్ తెలుగులో రాయడం, వీటికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. అరవై రోజుల్లో ఆ సర్క్యులర్ల ముసాయిదాను ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాను. వైద్య సంఘాలు తమ సమావేశాల్లో ఇలాంటి తల్లిదండ్రులకు ఒక గంట ఇస్తే, నేను, నాకు తెలిసిన మరికొన్ని కుటుంబాలు మా ఖర్చులతో మేమే వస్తాం.

ఆసుపత్రి వారికి విడిగా ఒక మనవి. ఈ లేఖ మీ దాకా చేరుతుందని తెలుసు. నాకు పరిహారం వద్దు, క్షమాపణ కూడా అడగడం లేదు. మా పాప కేస్ షీట్‌లో "తల్లిదండ్రుల కోరిక మీద" అన్న మాటలు కొట్టివేసి, పక్కన తేదీ వేసి, సంతకం చేసి, ఆ కాపీ ఒకటి నా భార్య పేరున పంపండి.

ఇట్లు,
ట్రైసోమీ 18తో 143 రోజులు జీవించిన పాప తండ్రి,
ప్రభుత్వ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు